పంపు ఇచ్చింది, ఒంటికి అందలేదు

బుధవారం, రాత్రి పదిన్నర.

ఒంటిపూట బడులు మొదలైనప్పటి నుంచి నాలుగున్నరకే లేస్తున్నాను. నాకు టైప్ 1 షుగర్, ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపు వాడతాను. దాని సెట్టు, అంటే ట్యూబూ చర్మంలోకి దిగే సన్నటి గొట్టమూ, మార్చాల్సిన మూడో రోజు ఇవాళ. రాత్రిపూట మార్చి పడుకుంటే అది సరిగ్గా పనిచేస్తోందో లేదో నిద్రలో తెలియదు, అందుకే ఎప్పుడూ పొద్దున్నే మారుస్తాను. ఇన్సులిన్ సీసాని కాసేపు ముందే ఫ్రిజ్‌లోంచి తీసిపెట్టాను. చల్లగా ఉండగా నింపితే తర్వాత బుడగలు వస్తాయి. పంపులో ఇన్సులిన్ ఉండే చిన్న రిజర్వాయర్ నింపి, గోటితో తట్టి బుడగలన్నీ పోగొట్టి, ట్యూబ్ చివర చుక్క కనిపించాక పొట్టకి ఎడమవైపు గుచ్చుకున్నాను.

పరగడుపున షుగర్ 118. మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. అంతా కలిపి 40 గ్రాముల పిండిపదార్థం అని లెక్కగట్టి 5 యూనిట్లు ఇచ్చాను. ఇచ్చేశానని పంపు చూపించింది. చీర కుచ్చిళ్ల పక్కన, లంగా నాడాకి పంపు తగిలించుకుని స్కూటీ తీశాను.

ఏడో తరగతిలో భిన్నాలు చెబుతుంటే నోరు పిడచకట్టుకుపోయింది. ఎండ వల్లేమో అనుకుని రెండుసార్లు నీళ్లు తాగాను. దాహం తీరలేదు. బోర్డు మీద నేను రాసిన అంకెలే నాకు మసకగా కనిపించాయి. తొమ్మిదిన్నరకి స్టాఫ్‌రూమ్‌కి వచ్చి చూసుకుంటే 287. పంపుతోనే మరో 3 యూనిట్లు ఇచ్చాను. అలారం ఏమీ లేదు. పదకొండుకి మళ్లీ చూస్తే 341, కడుపులో వికారం.

అప్పుడు నిజంగా భయం వేసింది. ఇన్సులిన్ పెన్నుతో, అంటే పెన్నులాంటి సూదితో, వేసుకునే రోజుల్లో అన్నం ముందు సూది ఒకటి తప్పినా, రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఒంట్లో కొంత ఉండేది. పంపులో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయేది ఒక్కటే. అది చుక్క చుక్కగా పడుతూనే ఉండాలి. ఆగితే కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరగడం మొదలవుతుంది. టైప్ 1 ఉన్నవాళ్లకి అది ఐసీయూ దాకా తీసుకెళ్లే ప్రమాదం. పంపుతో దిద్దినా షుగర్ దిగకపోతే ఇక దాన్ని నమ్మకూడదు, పెన్నుతో వేసుకుని సెట్టు మార్చేయాలి అని మా డాక్టర్ గారు మొదటి రోజే చెప్పారు.

మార్చడానికి చోటేది? బాత్రూమ్‌లో ఏదీ పెట్టుకోవడానికి లేదు. విషయం చెప్పగానే మా హెచ్‌ఎం మేడమ్ తన గది ఖాళీ చేసి, తలుపు దగ్గరగా వేసి, బయట కాపలాగా నిలబడ్డారు. అక్కడే పెన్నుతో వేసుకున్నాను. లెక్క ప్రకారం ఇంకాస్త పడాలి గానీ, పంపు ఇచ్చిన దాంట్లో ఎంత లోపలికి చేరిందో తెలియదు కాబట్టి 4 యూనిట్లతో ఆపాను.

తర్వాత ప్లాస్టర్ పీకి చూశాను. చర్మం లోపల నిటారుగా ఉండాల్సిన 9 మిల్లీమీటర్ల సన్నటి గొట్టం, ఉడికిన సేమ్యా ముక్కలా మధ్యకి మడతపడి ఉంది. ప్లాస్టర్ అడుగున తడి, ఇన్సులిన్ వాసన. పొద్దుటి నుంచి ఇచ్చిన దాంట్లో చాలావరకు లోపలికి పోకుండా పైకి కారిపోయిందన్నమాట. ట్యూబ్ పూర్తిగా మూసుకుపోతే పంపు మోగుతుంది. ఇలా పక్కనుంచి కారిపోతుంటే దానికి తెలియదు. తను ఎంత తోసిందో చెప్పగలదు గానీ, నాకు ఎంత అందిందో చెప్పలేదు. మూడేళ్లుగా వాడుతున్నాను, ఇవాళ ఇది నాకు గట్టిగా తెలిసొచ్చింది.

బ్యాగులో ఉన్న సెట్టు తీసి కుడివైపు గుచ్చుకుని బయటికి వచ్చాను. "మాత్రలతో తగ్గదా అమ్మా, ఎందుకింత బాధ?" అన్నారు మేడమ్. నా ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు మేడమ్, పదకొండో ఏట నుంచి ఇంతే అని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అవసరమైనప్పుడల్లా నా గది వాడుకో, అడగక్కర్లేదు" అన్నారు. ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికి వచ్చాక చూస్తే కీటోన్ స్ట్రిప్ రంగు కొంచెమే మారింది, అంటే కీటోన్లు పెద్దగా పెరగలేదు. ఒంటిగంటకి 262, మూడింటికి 139. హమ్మయ్య అనుకుని కాస్త నడుం వాల్చానో లేదో, నాలుగింటికి చెమటలు, చేతుల వణుకు. షుగర్ మరీ దిగిపోయి 64. అత్తయ్య పరుగున వచ్చి నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి ఇచ్చారు. పంచదార పనిచేసే దాకా ఆగాల్సిన ఆ పదిహేను నిమిషాలూ నా పక్కనే కూర్చున్నారు, గడియారం చూస్తూ. ఇంకేమైనా పెడతాననలేదు, ఆగమని నేను చెప్పాల్సిన పనీ రాలేదు. ఆవిడకి ఈ లెక్కంతా ఎప్పుడు ఒంటబట్టిందో! మళ్లీ చూస్తే 88.

ఇప్పుడు 132. పాప నిద్రలో ట్యూబ్ మీద కాలు వేస్తుందని పంపుని దిండు కిందికి, గోడ వైపుకి జరిపాను. రెండింటికి ఒకసారి లేచి చూసుకోవాలి, అలారం పెట్టాను. మడతపడ్డ ఆ గొట్టాన్ని చిన్న డబ్బాలో దాచాను. శనివారం డాక్టర్ గారికి చూపించి, 6 మిల్లీమీటర్లదో, ఏటవాలుగా గుచ్చుకునేదో నాకు నప్పుతుందేమో అడగాలి.