క్యాలెండర్‌లో ‘ఖ’

ఆదివారం, జూన్ 1

ఈ వారం ఊరికి పోలేదు. మే నెల లెక్కలు తేల్చాలి, ఆ లెక్కలు రాసేది నేనే. పొద్దున తొమ్మిదింటికి హాల్లో చాప పరిచి, నెలంతా ఫ్రిజ్ మీది బిస్కెట్ డబ్బాలో పడేసిన చీటీలన్నీ కుమ్మరించాను. కూరగాయల చీటీ ఒకదానికి చింతపండు అంటుకుని ‘టమాటా’ తర్వాతి అంకె కనపడలేదు. ముప్పై అని రాసుకున్నా. ఎవరూ అడగలేదు.

మా ఫ్లాట్‌లో పేర్ల వాడకం తక్కువ, ఊర్లతోనే పిలుచుకుంటాం. నేను ఖమ్మం. మిగతా వాళ్లు సిక్కోలు, కరీంనగర్, అనంత. అనంత మాకంటే నాలుగేళ్లు పెద్ద కాబట్టి అనంతన్న. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూములు. అద్దె, ఇంటర్నెట్ నాలుగు సమాన వాటాలు. వాటి గురించి ఎప్పుడూ గొడవ లేదు. ఆదివారం చికెన్ తిన్నవాళ్ల మీదే పడుతుంది, అనంతన్న ముట్టడు కాబట్టి ముగ్గురికి. అదీ గొడవ లేదు. మిగతాదంతా హాజరు లెక్క.

ఈ హాజరు పద్ధతి తెచ్చింది నేనే. యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు మాది డివైడింగ్ మెస్. నెల ఖర్చు మొత్తాన్ని అందరూ తిన్న రోజులతో భాగిస్తే రోజు రేటు వస్తుంది, ఎవడు ఎన్ని రోజులు తింటే అంత. ఊరికి పోతే మెస్ కట్. ఇంతకంటే న్యాయమైన పద్ధతి లోకంలో లేదని నా నమ్మకం. ఇక్కడ చేరిన మొదటి వారమే వంటగది గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో హాజరు వేయడం మొదలుపెట్టాను. ఆ రోజు తిన్నవాడి అక్షరం ఆ గడిలో పడాలి. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం పోగా మిగిలిన ఆవగింజంత చోటులో నాలుగు అక్షరాలు: ఖ, సి, క, అ.

మే నెల కాగితం చించి చాప మీద పెట్టాను. సిక్కోలు 31 రోజులు. వాడికి ఇల్లు దూరం, రాత్రంతా రైలు, సంక్రాంతికి తప్ప కదలడు. అనంతన్న 29, కరీంనగర్ 26, నేను 22. నాలుగు వారాంతాలు ఊరికి పోయాను, ఒక రోజు పెళ్లి. మొత్తం 108.

బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు, పాలు, గుడ్లు కలిపి 9,720. అంటే మనిషికి రోజుకు సరిగ్గా 90. ఇంత గుండ్రంగా వచ్చినందుకు నాకు ముచ్చటేసింది. (ఇందులో బియ్యం బస్తా 26 కిలోలది. 2022 జులైలో 25 కిలోల వరకు ఉండే ప్యాకింగుకు 5 శాతం జీఎస్టీ వేశాక బస్తాకు ఒక కిలో పెరిగింది. మా లెక్కల్లో సగం చిక్కులు ఆ ఒక్క కిలో వల్లేనని కరీంనగర్ సిద్ధాంతం.) వంట అక్కకు 6,000. గ్యాస్ బండ 905. కరెంటు 1,313. ఇవన్నీ కూడా 108తో భాగించడం మొదలుపెట్టాను.

సిక్కోలు ఎదురుగా గోడకు ఆనుకుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. మధ్యాహ్నం చికెన్‌కి. తల ఎత్తకుండానే అన్నాడు.

“ఒరే ఖమ్మం, ఓ మాట సెప్పు. నువ్వు ఊరెల్లినప్పుడు కుక్కర్ రెండు విజిళ్లు తక్కువేస్తాదేటి?”

వంటగదిలో అక్క కిసుక్కుమంది.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉందనుకున్నాను. అది మెస్ రూలు రా అనబోయాను. అనేలోపే లోపల ఏదో గుచ్చుకుంది. నలుగురికి పెట్టినా ముగ్గురికి పెట్టినా పప్పుకి మూడు విజిళ్లే. అక్క రావడం, పొయ్యి వెలిగించడం, గిన్నెలు కడగడం అన్నీ అంతే. శనాదివారాలు నేను లేనని ఆమె జీతం నేనేమన్నా తగ్గించానా? ఆ రోజుల జీతం ఇక్కడున్న వాళ్ల నెత్తిన పడింది. హాస్టల్లో మూడు వందల మందిలో ఒకడు లేకపోతే తేడా ఎవరికీ కనపడదు. నలుగురిలో ఒకడు లేకపోతే కనపడుతుంది, చూసేవాడుంటే. సిక్కోలు ఎప్పటి నుంచి చూస్తున్నాడో మరి.

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంరా?”

“నువ్వు అంత ఇదిగా గళ్లు గీసుకుని రాస్తంటే ఏటని సెప్పేది?”

సరే, తిండి వరకే హాజరు, అక్క జీతం, గ్యాస్ సమానం అని కొట్టేసి మళ్లీ రాశాను. గ్యాస్ దగ్గర కొంచెం నసిగాను, చపాతీలు మనిషిని బట్టి ఉంటాయి కదా అని. రాత్రి చపాతీలు తినేది నువ్వూ కరీంనగరే కదా అన్నాడు. నోరు మూసుకున్నాను.

తర్వాత కరెంటు. ఈసారి 238 యూనిట్లు. ఇది మామూలు భాగహారానికి లొంగదు. 200 యూనిట్లకు చార్జీ 820 రూపాయలు: మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున. 201 అయిందా, ఆ మొదటి 200 కూడా 5.10 లెక్కలోకి మారిపోతాయి, పై యూనిట్లు 7.70. అంటే ఆ ఒక్క 201వ యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! మాకు 1,020 ప్లస్ 38 యూనిట్లకు 292.60. (ఫిక్స్‌డ్ చార్జీలూ అవీ ఇంటి ఓనరే కట్టుకుంటాడు, ఆయనలోని ఒకే ఒక్క మంచి గుణం.)

ఏప్రిల్ నుంచి అనంతన్నకు ఇంటి నుంచే పని. పగలంతా కూలర్. ఎవరూ ఆ మాట ఎత్తలేదు గానీ అందరి కళ్లూ కూలర్ మీదికే పోయాయి. ఆయనే లేచి వెళ్లి దాని వెనక స్టిక్కర్ చదివొచ్చాడు. 160 వాట్లు. రోజుకు తొమ్మిది గంటలు, 26 రోజులు. 37 యూనిట్ల చిల్లర వచ్చింది.

“ఆ 38 నా మీద రాసేయప్పా,” అన్నాడు.

అప్పుడు నా హాస్టల్ బుర్ర మళ్లీ లేచింది. 38 యూనిట్లే కాదు, 200 దాటడం వల్ల మిగతా యూనిట్ల రేటు పెరిగింది కదా, అలా పెరిగిన రెండు వందల రూపాయలూ ఆయన మీదే పడాలి కదా? అడిగేశాను కూడా. ఫ్రిజ్ 24 గంటలూ తిరుగుతుంది, అందులో మీ అమ్మ పంపిన గోంగూర పచ్చడే రెండు డబ్బాలుంది, అది ఎన్నో యూనిట్‌లో రాస్తావప్పా అన్నాడు అనంతన్న. నిజమే. 201వ యూనిట్ కూలర్‌దో ఫ్రిజ్‌దో మీటరుకు తెలీదు. పై 38 ఆయనకు, మిగతా 1,020 తలా 255.

కరీంనగర్ ఇంతసేపూ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. “నాకేం లేదు భై, మీరే తేల్చుకోన్రి,” అన్నాడు. వాడి పెద్దమనిషి తరహా చూసి ముచ్చటపడ్డాను గానీ, లెక్క తేలాక అర్థమైంది. పాత పద్ధతిలో వాడి వాటా 4,318, కొత్త పద్ధతిలో 4,321. మూడు రూపాయలకు ఎవడు గొడవపడతాడు!

సిక్కోలుకు 377 తగ్గింది. అనంతన్నకు 67 పెరిగింది. నాకు 307 పెరిగింది, 3,654 నుంచి 3,961కి. అనంతన్న అంకె నోటితో చెప్పాను. నాది చెప్పకుండా పుస్తకం తిప్పి చూపించాను.

అందరూ ఫోన్‌పే కొట్టేశారు. చికెన్ బాగా కుదిరింది, వెల్లుల్లి కాస్త ఎక్కువైంది.

సాయంత్రం ఎవరూ లేనప్పుడు పాత కాగితాలు తీశాను. నేను చించినవి ఏవీ పారేయను, లెక్కల పుస్తకంలో మడిచి పెడతాను. గత జులై నుంచి 11 నెలలు. ఏ కాగితం చూసినా శని, ఆదివారాల గళ్లలో ‘ఖ’ లేదు, ‘సి’ ఉంది. దసరాకీ ఉంది, ఉగాదికీ ఉంది. క్యాలిక్యులేటర్ తీసి, మూడు నెలలు లెక్కేసి ఆపేశాను. రాత్రి సిక్కోలు రాగానే పాత బాకీ కూడా చూద్దాం రా అన్నాను.

“పాతవి తవ్వకు బాబూ. తవ్వితే కరీంనగర్‌వోడు మూడేసి రూపాయలు ఇవ్వాల. ఆడు ఇస్తాడేటి?”

అని బనీను మార్చుకుని పడుకున్నాడు. అసలు అంకె ఎంతో వాడు అడగలేదు. అడుగుతాడేమోనని నేను కాసేపు నిలబడ్డాను.

వంటగదిలోకి వెళ్లి జూన్ కాగితంలో మొదటి గడి చూశాను. సి, క, అ పడి ఉన్నాయి, పొద్దున్నే ఎవరో వేసేశారు. ‘ఖ’కి చోటు వెతికితే రాహుకాలం పక్కన కొంచెం ఉంది. రాశాను. ఒత్తి రాసేసరికి పెన్ను జారి సాయంత్రం నాలుగున్నర మీద పడింది.