ఉప్పు గాలి ఊళ్లో మూడు వరుసల బండి కోసం: నా వెతుకులాట నోట్సు

ఆగస్టు

విశాఖపట్నంలో మా ఇంట్లో ఆరుగురం. అమ్మ, నాన్న, మేమిద్దరం, పిల్లలిద్దరు. అయిదు సీట్ల కారులో అందరం కలిసి అరకు వెళ్లే రోజులు పోయాయి. అందుకే మూడు వరుసల డీజిల్ ఎస్‌యూవీ కొనాలని నిర్ణయించాం. కొత్తదా, సెకండ్‌హ్యాండా అన్నది ఇంకా తేలలేదు. బండ్లంటే నాకు మొదటి నుంచీ ప్రాణం. చూసిన ప్రతిదాని గురించీ ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఇది అందులోని పనికొచ్చే భాగం.

షోరూముకు వెళ్లేముందు టేపు పట్టుకుని మా అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగాను. రెండు స్తంభాల మధ్య మా చోటు వెడల్పు 2.4 మీటర్లు. మేం చూస్తున్న వాటిలో టాటా సఫారీ వెడల్పు 1,894 మిల్లీమీటర్లు, మహీంద్రా ఎక్స్‌యూవీ 700 దాదాపు అంతే. అద్దాలు మడిచినా ఇరువైపులా పావు మీటరే మిగులుతుంది. తలుపు తెరిచి అమ్మ దిగాలంటే అది చాలదు. కాబట్టి పెద్దవాళ్లు బయటే దిగాక బండి లోపలికి పోవాలి. ఇన్నోవా క్రిస్టా 1,830 మిల్లీమీటర్లే కాబట్టి కాస్త నయం, కానీ పొడవు 4,735. ఫార్చ్యూనర్ ఇంకా పొడుగు, పైగా మా బడ్జెట్‌కు అందదు. అన్నీ కలిపి 17 లక్షలకు మించకూడదని ఇంట్లో మాట అనుకున్నాం.

షోరూములకు అందరం కలిసి వెళ్లాం. డ్రైవర్ సీటులో కూర్చుని స్టీరింగ్ తిప్పి చూస్తే ఇలాంటి బండి గురించి ఏమీ తెలియదు. మూడో వరుసలోకి ఎక్కి చూడాలి. అమ్మకు మోకాళ్ల నొప్పి. స్కార్పియో-ఎన్‌ను లాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి ఉక్కు చట్రం) మీద కట్టారు, నేల ఎత్తుగా ఉంటుంది. పక్కన ఫుట్‌స్టెప్ ఉన్నా ఆవిడ రెండు చేతులతో పైనున్న పిడి పట్టుకుని లాక్కోవాల్సి వచ్చింది. "బండి బాగుంది నాన్నా, కానీ రోజూ గుడికి ఇది ఎక్కలేను" అంది. అక్కడితో స్కార్పియో-ఎన్ జాబితాలోంచి పోయింది. అది ఎంత గట్టి బండో నాకు తెలుసు. రోజూ ఎక్కాల్సిన మనిషి మాటకే ఎక్కువ విలువ.

ఎక్స్‌యూవీ 700 నాకు బాగా నచ్చింది. 2.2 లీటర్ల డీజిల్ ఇంజిను, ఖరీదైన రకాల్లో 185 హెచ్‌పీ, కార్ల భద్రతను ఢీకొట్టి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలు. చిక్కల్లా వెనక్కి వెళ్లే దారితోనే. రెండో వరుసలో విడి సీట్లున్న ఆరు సీట్ల రకం 2024లో గానీ రాలేదు. మా బడ్జెట్‌లో దొరికే పాతవన్నీ ఏడు సీట్లవే. మూడో వరుసలోకి పోవాలంటే రెండో వరుస సీటు మడవాలి, అంటే నాన్న దిగాలి, సీటు లేపాలి, పిల్లలు ఎక్కాలి, మళ్లీ నాన్న ఎక్కాలి. సఫారీ ఆరు సీట్ల రకంలో మధ్య సీట్ల మధ్య నుంచే పిల్లలు వెనక్కి నడిచి వెళ్లిపోయారు. ఈ ఒక్క సౌకర్యమే నా మనసును సఫారీ వైపు తిప్పింది.

సెప్టెంబరు

కొత్త బండి ధరలు తగ్గాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు పోయి మొత్తం 40 శాతం అయింది. నాలుగు మీటర్లు దాటి, 1,500 సీసీకి మించిన ఇంజిను, 170 మిల్లీమీటర్లకు పైన గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు) ఉన్నవాటికి ఇది వర్తిస్తుంది. మనం చూస్తున్నవన్నీ అవే. నాన్న వెంటనే "కొత్తదే తీసుకుందాంరా" అన్నారు. కొటేషన్ తెచ్చాను. నాకు కావలసిన ఆటోమేటిక్, ఆరు ఎయిర్‌బ్యాగుల రకం రోడ్డెక్కేసరికి పాతిక లక్షలు దాటుతోంది. పన్ను తగ్గినా మన రాష్ట్రంలో జీవిత పన్ను బండి ధర మీద శాతంగా కట్టాలి, ఖరీదైన శ్రేణికి ఆ శాతమూ ఎక్కువే. పది లక్షలు దాటిన బండికి ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మకందారు మన పేరున ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను కూడా కట్టాలి. దాన్ని మాత్రం ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఇక్కడే సెకండ్‌హ్యాండ్ వైపు మొగ్గాను. మన రాష్ట్రంలోనే రిజిస్టరైన బండికి జీవిత పన్ను ముందే కట్టేసి ఉంటుంది. కొత్తవాటి ధర తగ్గింది కాబట్టి పాతవాటి బేరమూ దిగాల్సిందే. అమ్మేవాళ్లు మాత్రం ఇంకా పాత ధరలే పట్టుకుని కూర్చున్నారు. బేరానికి కూర్చున్నప్పుడు కొత్త కొటేషన్ కాగితం జేబులో ఉండాలి.

డీలరు దగ్గర కొనేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పాత బండి మీద డీలరు కట్టే 18 శాతం జీఎస్టీ అతని లాభం మీదే, బండి మొత్తం ధర మీద కాదు. "జీఎస్టీ పడుతుంది సార్" అని మొత్తం మీద లెక్క వేసి చూపిస్తే ఒప్పుకోవద్దు. మామూలు మనిషి మరో మామూలు మనిషికి అమ్మితే అదీ ఉండదు.

అక్టోబరు

బండ్లు చూడటం మొదలుపెట్టాక ఒక సంగతి తేటతెల్లమైంది. మన ఊళ్లో సెకండ్‌హ్యాండ్ బండిని పైనుంచి కాదు, కింది నుంచి చూడాలి.

బీచ్ రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటి ముందు ఆరుబయట ఏళ్లుగా నిలిపిన ఒక పెద్ద బండి చూశాను. పెయింటు అద్దంలా మెరుస్తోంది, తిరిగిన కిలోమీటర్ల రీడింగు చాలా తక్కువ. టార్చి వేసి చక్రం వెనక చూశాను. సస్పెన్షన్ బోల్టుల తలలు గోధుమరంగు ముద్దల్లా ఉన్నాయి. చాసిస్ అతుకు దగ్గర గోటితో గీరితే తుప్పు పొరలుపొరలుగా రాలింది. డిక్కీ తలుపు కీళ్ల స్క్రూలు, బానెట్ తాళం కొక్కెం కూడా అంతే. తక్కువ తిరిగిందంటే సముద్రపు గాలిలో ఎక్కువకాలం నిలబడి ఉందని అర్థం. ఈ ఊళ్లో తక్కువ రీడింగును చూసి మురిసిపోవడం కాదు, ఆ బండి రాత్రిళ్లు ఎక్కడ నిలిచిందో అడగాలి. పోర్టు దగ్గరి వాడల్లో తిరిగిన బండ్లకు బొగ్గు ధూళి వేరే సమస్య. ముందు అద్దం కింది కాలువలో చేయి పెడితే నల్లగా వస్తుంది, ఏసీ ఫిల్టరు చూస్తే చాలు.

ఆ తర్వాత ఒక ఇన్నోవా. తెల్ల బోర్డు, "సొంత వాడకం సార్" అన్నాడు. కానీ పైకప్పు మీద క్యారియర్ బిగించిన గుర్తులు, మధ్య వరుస సీటు అంచు నలిగిపోయి స్పాంజి కుంగి ఉంది, బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగింది. చూపించిన రీడింగుకు, ఆ పెడల్‌కు పొంతనే లేదు. అధీకృత సర్వీసు కేంద్రంలో పాత సర్వీసుల వివరాలు చూపించమని అడిగాను. యజమాని ఒప్పుకోలేదు, నేను లేచి వచ్చేశాను. అరకు, లంబసింగి ట్రిప్పులకు తిరిగిన పసుపు బోర్డు బండ్లు తెల్ల బోర్డుకు మారి అమ్మకానికొస్తాయి. తెలిసి, తగిన ధరకు కొనుక్కుంటే అందులో తప్పు లేదు. దాచిపెట్టి అమ్మితేనే మోసం.

ఇంకొకటి మార్కెట్ ధర కన్నా బాగా తక్కువకు వచ్చింది. లోపల సువాసన డబ్బా ఘాటుగా ఉంది, అదే నాకు అనుమానం తెచ్చింది. వెనక సీటు బెల్టు చివరిదాకా లాగాను. ఆఖరి జానెడు పొడవునా మట్టి రంగు గీత. డ్రైవర్ సీటును పూర్తిగా వెనక్కి జరిపి పట్టాల మధ్య చూస్తే తుప్పు, కార్పెట్ అంచు ఎత్తితే సన్నని ఒండ్రు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని వాహనాలు మునిగాయో అందరం చూశాం. ఈ బండి ఎక్కడ మునిగిందో నాకు అనవసరం, మునిగిందన్నది చాలు. నీళ్లు వైరింగులోకి పోతే ఆ జబ్బు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా బయటపడుతుంది. ఏ బండి చూసినా బెల్టులన్నీ చివరిదాకా లాగండి, డబ్బు ఖర్చు లేని పరీక్ష అది.

నెలాఖరులో మొంథా తుఫాను. వెతుకులాట ఆపేశాను.

నవంబరు

దొరికింది. 2022 సఫారీ, ఆరు సీట్లు, డీజిల్ ఆటోమేటిక్, మొదటి యజమాని, 46 వేల కిలోమీటర్లు. నిలిపింది సీతమ్మధారలో, కప్పున్న పార్కింగులో.

2019 తర్వాత ఏపీ 39 అని రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ వచ్చింది కాబట్టి, పాత ఏపీ 31లా నంబరు చూసి విశాఖ బండి అని చెప్పలేం. ఆర్‌సీ మీది చిరునామా చూడాలి. చాసిస్ నంబరు ఆర్‌సీతో పోల్చాను. సర్వీసు కేంద్రం వివరాల్లో రీడింగు ఎక్కడా వెనక్కి తగ్గలేదు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నాలుగూ బండితో వచ్చినవే, అరుగుదల సమానంగా ఉంది. కానీ త్వరలో మార్చాలి. 235/60 ఆర్18 సైజుకు నాలుగూ కలిపి 60 వేల పైమాటే. ఇది బేరంలో వాడుకున్నాను.

పెయింటు మందం కొలిచే మీటరు కొని పెట్టుకున్నాను. కంపెనీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తుంది. ఎడమ వెనక తలుపు మాత్రం 280 చూపింది. యజమాని అడగకముందే సెల్లారు స్తంభానికి గీసుకుందని, క్లెయిము కాగితంతో సహా చూపించాడు. పుట్టీ మందంగా ఉంటే అంకె ఇంకా చాలా పైకి పోతుంది. బండి తలుపుల మధ్య నిలువు కమ్ముల దగ్గర, పైకప్పు మీద అన్నీ 120 లోపే. అసలైనవి అవే.

తర్వాత గాజువాక ఆటోనగర్లో తెలిసిన మెకానిక్ దగ్గర లిఫ్టు ఎక్కించాం. సైలెన్సరు అతుకు బోల్టులు నారింజ రంగుకు తిరిగాయి, అది ఈ ఊళ్లో మామూలే. బ్రేకు పైపుల పూత చెక్కుచెదరలేదు. తలుపుల కింది అంచు పొడవునా స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెళ్లాడు. ఒకే రకం గట్టి చప్పుడు. ఒకచోట మాత్రం ఆగి, మళ్లీ తట్టి, నీళ్లు కారే రంధ్రంలో మూసుకుపోయిన ఆకు ముక్కను తీగతో లాగాడు. "ఇవి మూసుకుంటేనే లోపలి నుంచి తుప్పు తింటుంది సార్, వానాకాలానికి ముందూ వెనకా చూసుకోండి" అన్నాడు. లిఫ్టు కింద గడిపిన ఆ కాసేపు, నెలల తరబడి ప్రకటనలు చూడటం కన్నా ఎక్కువ నేర్పింది.

ట్రయల్‌కు సింహాచలం ఘాట్ రోడ్డు ఎంచుకున్నాను, అందరినీ ఎక్కించి, ఏసీ వేసి. ఎక్కేటప్పుడు గేర్లు తడబడకుండా మారాయి. దిగేటప్పుడు మాన్యువల్‌లో రెండో గేరు పెడితే ఇంజినే బండిని పట్టి ఉంచింది. 2 లీటర్ల, 170 హెచ్‌పీ ఇంజిను ఇది. ఇదే ఇంజిను జీప్ కంపాస్, ఎంజీ హెక్టర్లలోనూ వచ్చింది కాబట్టి పని తెలిసినవాళ్లు దొరుకుతారు.

భద్రత గురించి ఒక మాట. సఫారీకి గ్లోబల్ ఎన్‌క్యాప్ ఇచ్చిన అయిదు నక్షత్రాలు 2023 అక్టోబరులో వచ్చిన కొత్త రూపానివి. 2022 బండికి వాటిని అంటగట్టి అమ్మేవాళ్ల మాట నమ్మకండి. నేను ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (బండి జారిపోకుండా అదుపు చేసే ఏర్పాటు) ఉన్న రకమే కావాలని పట్టుబట్టాను. ఈ విషయంలో ఎక్స్‌యూవీ 700దే పైచేయి. అది తెలిసే, అమ్మానాన్నల సౌకర్యం కోసం దీన్ని ఎంచుకున్నాను.

16.20 లక్షలు అడిగాడు, 15.40 దగ్గర తెగింది.

కాగితాలు: యాజమాన్యం మార్చే ఫారం 29, ఫారం 30, బీమా, కాలుష్య సర్టిఫికెట్. బండి మీద అప్పు ఉండేది. బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలోంచి అప్పు తీయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇచ్చాను. చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకున్నాం. తేదీ, సమయం వేసి డెలివరీ కాగితం మీద ఇద్దరం సంతకం చేశాం, ఆ నిమిషం తర్వాత బండి బాధ్యత నాది. బీమాను 14 రోజుల్లోగా మన పేరుకు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండితో రాదు, పాత యజమానితోనే ఉంటుంది. ఆ తేడా డబ్బు మనం కట్టాలి. బీమాలో ఇంజిను రక్షణ కూడా కలిపి తీసుకున్నాను. చావులమదుం అండర్‌బ్రిడ్జి కింద వానకు ఎన్ని నీళ్లు నిలుస్తాయో చూసినవాళ్లెవరూ దాన్ని వద్దనరు. పాత ఫాస్టాగ్ రద్దయితేనే కొత్తది వస్తుంది, ఆ పని అమ్మినాయన ముందే చేయించాలి.

తెలంగాణ, ఒడిశా బండ్లు చవకగా కనిపిస్తాయి. అక్కడి ఎన్‌వోసీ, ఇక్కడి పన్ను, ఆఫీసుల చుట్టూ తిరగడం కలుపుకుంటే నాకు లాభం కనిపించలేదు.

డిసెంబరు

ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్యాటరీ మార్చాను. బండి కింద మంచినీళ్లతో కడిగించి, పూర్తిగా ఆరాక తుప్పు పట్టని పూత వేయించాను. తడి మీద పూత వేస్తే తేమ లోపలే ఉండిపోతుంది కాబట్టి ఒక రాత్రంతా షెడ్డులోనే ఉంచమన్నాను.

బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) డీజిల్ కొనేవాళ్లకు డీపీఎఫ్ సంగతి తెలియాలి. పొగలోని మసిని పట్టే జల్లెడ అది. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా రోజూ చిన్న దూరాలే తిప్పితే మసి పేరుకుంటుంది, కాలిపోవడానికి వేడి చాలదు. అందుకే వారానికొకసారి ఆనందపురం మీదుగా భోగాపురం వైపు హైవే మీద ఆగకుండా నడుపుతున్నాను. అలా వెళ్లే తీరిక లేనివాళ్లు డీజిల్ జోలికి పోకపోవడమే మంచిది.

మొదటిసారి అరకు వెళ్లాం, శృంగవరపుకోట మీదుగా. అనంతగిరి మలుపుల్లో అమ్మకు కడుపులో తిప్పలేదు, మధ్య సీటుకు రెండు వైపులా చేతులు ఆనించుకునే చోటు ఉండటం వల్లేనంది. మూడో వరుసలో పెద్దవాడి మోకాళ్లు పైకి లేస్తున్నాయి. ఘాట్ అంతా కూర్చోగలడు గానీ హైదరాబాద్ దాకా కష్టం. ఆరుగురూ ఎక్కితే డిక్కీలో 73 లీటర్ల చోటే, రెండు చేతి సంచులు పడతాయి. సంక్రాంతి ప్రయాణానికి పైన క్యారియర్ కావాలి. దాని ఎత్తుతో మా సెల్లారు గేటు కింద నుంచి బండి పడుతుందో లేదో కొలిచాకే ఆర్డరు ఇస్తాను. టైర్లు జనవరిలో.