ఇడియమ్స్‌లో పోయిన మార్కులు మా నానమ్మ మాటతో తిరిగొచ్చాయి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే సీజీఎల్ పరీక్ష ఫైనల్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. లిస్టులో నా నంబరు చూసి అమ్మా నేనూ ఏడ్చేశాం. మ్యాథ్స్, రీజనింగ్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఇంగ్లీషు ఇడియమ్స్, అంటే జాతీయాల గురించే చెబుతాను, కిందటిసారి నన్ను ముంచినవి అవే.

టైర్-2లో, అంటే రెండో దశ పరీక్షలో, ఒక్క తప్పుకి రావాల్సిన 3 పోయి, పైన ఇంకో 1 కోత. కిందటిసారి నేను ఆగిపోయింది 5 మార్కుల తేడాతో.

అప్పట్లో రోజుకి 30 బట్టీ పట్టేదాన్ని. ఇన్ ఎ పికిల్, ఇన్ ద డాగ్‌హౌస్, అండర్ ఎ క్లౌడ్, అన్నిటి పక్కనా 'ఇన్ ట్రబుల్' అనే రాసుకున్నాను. ఆప్షన్లలో 'ఇన్ ట్రబుల్', 'అవుట్ ఆఫ్ ఫేవర్' రెండూ కనిపిస్తే టెన్షన్‌తో ఏదో ఒకటి పెట్టేసేదాన్ని.

ఒక సాయంత్రం 'సెంట్ టు కోవెంట్రీ' పైకి చదువుతున్నాను. కోవెంట్రీ ఇంగ్లండ్‌లో ఒక ఊరు. అర్థం మాత్రం, ఒకడితో అందరూ కావాలని మాట మానేయడం. నానమ్మ అడిగితే చెప్పాను. బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండానే, "వెలేశారన్నమాట. వాడికొచ్చిన కష్టమేం లేదే, ఊరికి కోపమొచ్చింది" అంది.

ఆ రాత్రే నోట్సు మళ్ళీ రాశాను. ప్రతి ఇడియమ్‌కీ ఒకటే ప్రశ్న: ఇందులో ఎవరికైనా కోపం వచ్చిందా? డాగ్‌హౌస్‌లో వచ్చింది, ఎక్కువగా ఇంట్లో భార్యకి. బ్యాడ్ బుక్స్‌లోనూ అంతే. కోల్డ్ షోల్డర్ అంటే పెడమొహం పెట్టడమే. పికిల్‌లో ఎవరి కోపమూ లేదు, ఉత్త ఇరకాటం. డెవిల్‌కీ డీప్ సీకీ మధ్య పడితే మన ముందు నుయ్యి, వెనుక గొయ్యి. హాట్ వాటర్ దగ్గర చాలాసేపు ఆలోచించాను. పైవాళ్ళ కోపం ఉండొచ్చు, కానీ ముఖ్యం చిక్కులో పడటమే, అందుకే అటే వేశాను. అండర్ ఎ క్లౌడ్ ఎటూ ఇమడలేదు, అక్కడున్నది అనుమానం. ఆరోపణ వచ్చి, విచారణ తేలకముందే రాజీనామా చేసి వెళ్ళిపోయిన ఉద్యోగిని తలుచుకోండి. దానికి వేరే పేజీ ఇచ్చాను.

రెండు మూడు బిట్లకి ఇంత అవసరమా అన్నవాళ్ళున్నారు. 5 మార్కులతో ఏడాది పోగొట్టుకున్నవాళ్ళు ఆ మాట అనరు. పొద్దున్నే 5కి లేచి ముందు ఆ పేజీలే తిప్పేదాన్ని. జ్వరమొచ్చినా మానలేదు. మీరూ మానకండి.

ఈసారి ఇడియమ్ ఒక్కటీ తప్పు పోలేదు. ఆన్సర్ కీ చూసి నానమ్మకి చెబితే, "ఆ వెలేసిన ఊరి పేరేంటన్నావే?" అని మళ్ళీ అడిగింది.