పక్షవాతంతో మాట పోయినవాళ్లతో ఎలా మాట్లాడాలి

నాకు పక్షవాతం వచ్చింది మెదడు ఎడమ పక్కన. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, వాటితోపాటు మాటా పోయింది. చెయ్యీ కాలూ చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి. మాట ఇంకా వస్తూనే ఉంది. డాక్టర్లు దీన్ని అఫేసియా అంటారు. నాలుక మొద్దుబారి మాట ముద్దగా రావడం వేరు, ఇది వేరు. చెప్పాలనుకున్న సంగతి లోపల ఉంటుంది, దానికి తగిన మాట దొరకదు. మతి పోలేదు, చెవుడూ రాలేదు. ఈ రెండు ముక్కలూ ఇంటిల్లిపాదికీ మొదట్లోనే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు మాత్రల చీటీ ఇస్తారు, ఫిజియోథెరపీ చూపిస్తారు, మాట సంగతికి వచ్చేసరికి మాత్రం ‘నెమ్మదిగా అదే వస్తుంది’ అని ఊరుకుంటారు. కొంత అదే వస్తుంది. మొదటి మూడు నెలల్లో వేగంగా, ఆ తర్వాత మెల్లగా, ఏళ్ల తరబడి కూడా. మిగిలినది ఎంత వస్తుందనేది చుట్టూ ఉన్నవాళ్లు ఎలా మాట్లాడతారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

అఫేసియా అందరికీ ఒకేలా ఉండదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే సర్జన్ చూసిన రోగి ‘టాన్’ అనే ముక్క తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు, కానీ ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థం చేసుకునేవాడు. నాది ఆ రకం. అలాంటివాళ్లు ‘నీళ్లు... చల్ల... వద్దు’ అని విడివిడి మాటలతో లాక్కొస్తారు. 1874లో కార్ల్ వెర్నికె వివరించిన రెండో రకంలో మాటలు ధారాళంగా వస్తాయి, అర్థం మాత్రం కుదరదు, ఎదుటివాళ్ల మాటా సరిగా తలకెక్కదు. ఈ రెండో రకాన్ని చూసి పిచ్చి పట్టిందని భయపడే ఇళ్లున్నాయి. వాళ్లకు మాటల కంటే సైగ, బొమ్మ, వస్తువును చేత్తో చూపించడం ఎక్కువ పనికొస్తాయి. ఏ రకమో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి, అది తెలియకుండా ఇంట్లో సాధన మొదలుపెట్టొద్దు.

అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఒకటుంది. నాకు ‘మంచినీళ్లు’ అనే మాట రాని రోజుల్లో ‘విశ్వదాభిరామ వినురవేమ’ తడబాటు లేకుండా వచ్చేది. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు, ఆదివారం నుంచి వారాలు, రెండో ఎక్కం అన్నీ వచ్చేవి. కోపమొస్తే తిట్టు కూడా ఠక్కున వచ్చేది. ఇది చూసి ‘పద్యం చదివే మనిషికి నీళ్లడగడానికేం నొప్పి? అంతా మొండితనం’ అనుకుంటారు. మొండితనం కాదు. కంఠతా వచ్చినవి దండకంలా వరసగా దొర్లుకొస్తాయి. వాటి దారి వేరు, ఆలోచించి కొత్తగా వాక్యం కట్టే దారి వేరు. థెరపిస్టులు ఆ మొదటి దారినే మెట్టుగా వాడతారు. మాటను రాగంలో పెట్టి, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికించే పద్ధతి 1970ల నుంచి ఉంది. ఇంట్లో చేయగలిగింది వాక్యం సగం చెప్పి ఆపడం. ‘వేడి వేడి అన్నంలో పప్పు, దాని మీద...’ అని ఆగితే ‘నెయ్యి’ దానంతటదే వస్తుంది. మొదటి అక్షరం అందించినా పనిచేస్తుంది. కానీ అందించే ముందు కనీసం పది సెకన్లు ఆగాలి. పది సెకన్లు నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి. మా ఇంట్లో సాయం కావాలంటే నేను ఎడమ చేత్తో మంచం మీద తడతాను. తట్టేదాకా ఎవరూ మాట అందించరు. వాక్యం మన తరఫున పూర్తి చేసేవాళ్లు ప్రేమతోనే చేస్తారు, పాపం. వాళ్లు నాలుగు రోజులు వరసగా పూర్తి చేస్తే రోగి ప్రయత్నించడమే మానేస్తాడు.

అవును, కాదు అన్నవి తారుమారవుతాయి. తల అడ్డంగా ఊపుతూ ‘అవును’ అనేస్తాం. అందుకే నోటి మాటను నమ్మకుండా ఒక అట్ట మీద ‘అవును’, ‘కాదు’, ‘తెలియదు’ అని పెద్దక్షరాలతో రాసి వేలు పెట్టించాలి. మూడోది తప్పకుండా ఉండాలి, లేకపోతే తెలియనిదానికి కూడా ఏదో ఒకటి చూపిస్తారు. తెలుగులో ఇంకో చిక్కుంది. ‘వెళ్తాను’కీ ‘వెళ్లను’కీ తేడా క్రియ చివర ఉంటుంది. అలసిపోయిన మెదడు ఆ కొసనే వదిలేస్తుంది, వింటున్నప్పుడూ, పలుకుతున్నప్పుడూ కూడా. ‘తింటావా, తినవా, కాసేపాగి తింటావా?’ అని ఒక్క గుక్కలో అడిగితే మూడూ కలిసిపోతాయి. ‘అన్నం. ఇప్పుడు?’ అని అడిగి ఆగండి. జవాబు వచ్చాక ‘అయితే ఇప్పుడు వద్దు’ అని చేత్తో కూడా చూపించి ఖాయం చేసుకోండి.

ఒకసారి నేను పట్టుబట్టి ‘పాలు’ అంటున్నాను. గ్లాసు తెచ్చారు, తోసేశాను. నా భార్య గ్లాసు పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది, టీవీ కట్టేసింది. ‘తినేదా అండీ?’ అని అడిగి ఆగింది, ఆ తర్వాత ‘తాగేదా?’ అంది. రెండిటికీ అట్ట మీద ‘కాదు’ చూపించాను. ‘మనిషా, వస్తువా, పనా?’ అని కాగితం మీద మూడు మాటలు రాసింది. ‘వస్తువు’ మీద వేలు పెట్టాను. ‘ఈ గదిలోదా?’ కాదు. ‘పొద్దున వచ్చేదా?’ అవును. పేపరు! ‘ప’తో మొదలయ్యే మాట, పాలలాగే పొద్దున్నే గుమ్మంలోకి వచ్చేది. అఫేసియాలో తప్పు మాట కూడా చాలాసార్లు ఊరికే రాదు. అర్థంలోనో శబ్దంలోనో అసలు మాటకు చుట్టమై ఉంటుంది. కాబట్టి వచ్చిన తప్పు మాట చుట్టూ వెతికితే తొందరగా దొరుకుతుంది. వెతికినా దొరక్కపోతే ‘నాకు అర్థం కాలేదు, సాయంత్రం మళ్లీ చూద్దాం’ అనాలి. అర్థమైనట్టు తల ఊపి వెళ్లిపోతే మాకు తెలిసిపోతుంది.

మనుషుల పేర్లూ అలాగే మారతాయి. భార్యను కూతురి పేరుతో, అన్నను తమ్ముడి పేరుతో పిలుస్తాం. ‘అమ్మ వచ్చాడు’ అంటాం. సరిదిద్దొద్దు. ‘ఆఁ, అమ్మ వచ్చింది’ అని మామూలుగా అనేసి సంభాషణ ముందుకు నడిపితే చాలు. ‘నీళ్లు’ రాక ‘వాటర్’ వస్తే అదీ మాటే, తీసుకోండి.

పరామర్శకు వచ్చేవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. పదిమంది మంచం చుట్టూ నిలబడి, ఒక్కొక్కరూ వంగి, గట్టిగా అరుస్తూ ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అంటారు. పేరు పలకడమే అన్నిటికంటే కష్టమైన పని, అదే పరీక్ష పెడతారు. చెప్పలేకపోతే ‘అయ్యో, గుర్తుపట్టట్లేదు’ అని మన ముందే, మనం లేనట్టు మాట్లాడుకుంటారు. ఇద్దరికి మించి లోపలికి రానివ్వకండి, ఇరవై నిమిషాలు చాలు, సాయంత్రం వేళ వద్దు. వచ్చినవాళ్లు ముందు తమ పేరు తామే చెప్పి, తామే కబుర్లు చెప్పాలి. పెళ్లి ఫొటోలు తెస్తే ఇంకా మంచిది, వేలు పెట్టి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. రాకపోకలు పూర్తిగా మాన్పించేయడం అంతకంటే పెద్ద నష్టం. థెరపిస్టు వారానికి ఏ రెండు గంటలో దొరుకుతారు, మిగతా వారమంతా మాట్లాడాల్సింది ఈ మనుషులతోనే.

స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మాట లేనివాళ్లు ‘దిగులుగా ఉంది’ అని చెప్పలేరు. తిండి తగ్గడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, సాధన మానేయడం, గోడవైపు తిరిగి పడుకోవడం చూసి పసిగట్టాలి. మందులున్నాయి, పనిచేస్తాయి.

మింగడం కూడా స్పీచ్ థెరపిస్టే చూస్తారని చాలామందికి తెలియదు. నీళ్లు, పల్చటి మజ్జిగ, చారు తాగగానే దగ్గు వస్తున్నా, గొంతు తడిగా గరగరలాడుతున్నా అవి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయేమోనని అనుమానించాలి. పడుకోబెట్టి తాగించకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక మరో అరగంట అలాగే ఉంచాలి.

థెరపీ కోసం సికింద్రాబాద్‌లో వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965 నుంచి నడుస్తున్న వాక్ శ్రవణ సంస్థ ఉంది. మాట శాశ్వతంగా దెబ్బతింటే 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని వైకల్యంగా గుర్తిస్తుంది, అఫేసియా పేరు చట్టంలోనే ఉంది. చాలా ప్రయోజనాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. చెయ్యి పడిపోయి బ్యాంకులో సంతకం కలవకపోతే వేలిముద్ర చెల్లుతుంది. దానికి బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు అధికారే అయ్యుండాలి. కౌంటర్లో అడిగే ప్రశ్నలు పక్కనున్న అబ్బాయిని కాకుండా ఖాతాదారునే అడగమని ముందే చెప్పండి, అవును–కాదు అట్ట వెంట తీసుకెళ్లండి.