మధ్యాహ్న భోజనం మిగులు, ఎండుటాకులు: బడి పిల్లలతో ఎరువు చేయించిన నా అనుభవం

పర్యావరణం మీద నినాదాలు రాయమంటే పిల్లలు ముత్యాల్లా రాస్తారు, ప్లేట్లో అన్నం మాత్రం పారేస్తూనే ఉంటారు. అందుకే నేను తూకంతో మొదలుపెట్టాను. చేతులు కడిగే చోట రెండు బకెట్లు: అన్నం, కూరలకు ఒకటి, చిక్కీ కవర్లకు ఒకటి. ఏడో తరగతివాళ్లు రోజూ స్ప్రింగ్ త్రాసుతో తూచి, ఖాళీ బకెట్ బరువు తీసేసి గోడమీద రాస్తారు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తలకు 150 గ్రాముల బియ్యం లెక్క. అన్నమయ్యాక దాని బరువు సుమారు రెండున్నర రెట్లు. అంటే 3.75 కిలోల అన్నం పోతే పదిమంది తిండి పోయినట్టు. ఈ లెక్క వాళ్ల చేతే కట్టించాలి. ముందు సగం పెట్టి, అడిగితే మళ్లీ వడ్డించమని వంటమ్మకు చెప్పాక బకెట్ తేలికైంది. నా దృష్టిలో ఎరువుకన్నా ఇదే అసలు పని.

ఇక మిగిలినదానికి 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. రసాయనాలు నింపినది వద్దు. అడుగున, చుట్టూ జానెడు ఎడంతో పెన్సిలు పట్టేంత చిల్లులు పెట్టి, నాలుగు ఇటుకల మీద నిలబెట్టాలి. అడుగున జానెడు మందాన కొబ్బరి పీచు, పుల్లలు. ఆపైన బకెట్ తడి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు, రెండు గుప్పెళ్ల పాత పేడ ఎరువు. బాదం ఆకులైతే తొక్కించి నలపాలి. లేదంటే విస్తళ్లలా ఒకదానిమీద ఒకటి అతుక్కుని గాలి ఆడనివ్వవు. ఆ తొక్కుడు పనికి పిల్లలు పోటీ పడతారు.

కంపు వచ్చేది దాదాపు ఎప్పుడూ అన్నం ముద్దల వల్లే. సాంబారు వడకట్టి, ముద్దలు విడగొట్టి వేయాలి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే ఆకులు కలిపి కర్రతో తిరగెయ్యాలి. చీమలు పట్టాయంటే పొడిబారిందని అర్థం, నీళ్లు చిలకరిస్తే చాలు. లావు పురుగులు కనిపిస్తే భయపడక్కర్లేదు, కరవవు. పైన ఆకులు మందంగా కప్పితే ఈగలు తగ్గుతాయి. ఇనుప చువ్వ నడిమధ్యకు గుచ్చి ఐదు నిమిషాలాగి తీస్తే వెచ్చగా తగలాలి. చేతికి పుండు ఉన్న పిల్లల్ని ఈ పనికి పంపొద్దు. మిగతావాళ్లు సబ్బుతో కడుక్కోవాలి.

చాలా బడుల్లో ఇది ఆగిపోయేది ఆకుల దగ్గరే. అన్నం జూలైలో మిగులుతుంది, ఆకులు రాలేది ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడే తగలబెట్టకుండా గోతాల్లో కుక్కి, వాన తగలని చోట పెట్టుకోవాలి. వేసవి సెలవుల ముందు మాత్రం కొత్త డ్రమ్ము మొదలుపెట్టొద్దు.

నిండాక వారానికోసారి తిరగేస్తూ రెండు మూడు నెలలు ఉంచి జల్లించాలి. గుడ్డు పెంకులు నలపకుండా వేస్తే అలాగే తేలతాయి. సగం మట్టి కలిపి పది మెంతులు చల్లి చూడండి. మొలకలు సరిగా రాకపోతే ఇంకో మూడు వారాలు మాగనివ్వాలి.

చిక్కీ కవర్ల బకెట్‌కు వేరే పాఠం. ఉల్లిపాయల వల సంచిలో జామాకు, వార్తాపత్రిక ముక్క, నూలు గుడ్డ, ఒక కవరు వేసి జానెడు లోతున పాతి, 30 రోజులకు తవ్వించాలి. కవరు కడిగితే దానిమీది అక్షరాలు ఇంకా చదవొచ్చు. వల సంచి కూడా చెక్కుచెదరలేదని ఎవరో ఒకరు పట్టుకుంటారు. పాతేది కుళాయి దగ్గర తడి నేలలో కావాలి. ఎండు నేలలో కాగితం కూడా అలాగే ఉండిపోతుంది.