రోబో కొనే ముందు వేళ్ళ సంగతి

బాలానగర్, జీడిమెట్లల్లోని చిన్న కర్మాగారాల యజమానులు రోబో అనగానే మొదట అడిగేది అది ఎన్ని కిలోలు ఎత్తుతుందనే. రోబో చేతి చివర వేళ్ళతో వస్తువును పట్టుకునే గ్రిప్పర్ ప్రస్తావన అడ్వాన్సు చెల్లించాక గానీ రాదు. నా అభిప్రాయంలో ఈ వరుస తిరగబడాలి. ఎందుకంటే 5 కిలోల రోబో అంటే గ్రిప్పర్‌తో కలిపి 5 కిలోలని అర్థం. కిలోన్నర గ్రిప్పర్ బిగిస్తే ఎత్తాల్సిన వస్తువుకు మిగిలేది మూడున్నరే.

నూనె అంటిన కిలో బరువు ఉక్కు బుష్‌ను, అంటే బోలు గొట్టం లాంటి భాగాన్ని, తీసుకుందాం. ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే, కదలకుండా పట్టుకోవడానికే రెండు వేళ్ళలో ఒక్కొక్కటీ సుమారు 50 న్యూటన్లతో నొక్కాలి. రోబో వేగంగా వెళ్ళి ఆగే కుదుపును కూడా లెక్కలోకి తీసుకుంటే అందుకు రెట్టింపైనా కావాలి. అదే వేళ్ళకు ‘వి’ ఆకారపు గాడి కోసి, బుష్ అంచు కిందికి చిన్న మెట్టు ఇస్తే, బరువును ఘర్షణకు బదులు ఆకారమే మోస్తుంది కనుక వేళ్ళను గాలి ఒత్తిడితో కదిలించే చిన్న సిలిండర్‌తోనే పని జరుగుతుంది. మందుల కంపెనీల ప్యాకింగులో గాలిని లాగి వస్తువుకు అతుక్కునే వాక్యూమ్ కప్పులదే రాజ్యం గానీ, నున్నటి చిన్న కార్టన్ మీద చక్కగా పట్టే కప్పు, గాలి చొరబడే ముతక అట్టపెట్టె మీద జారిపోతుంది.

అన్నిటినీ పట్టే ఒకే గ్రిప్పర్ ఉండదా అని తరచూ అడుగుతారు. 2010లో కార్నెల్, షికాగో విశ్వవిద్యాలయాల పరిశోధకులు, ఐరోబోట్ సంస్థవారు కలిసి కాఫీ పొడి నింపిన రబ్బరు సంచితో అలాంటిది చేసి చూపించారు. లోపలి గాలిని లాగేస్తే సంచి వస్తువు చుట్టూ గట్టిపడుతుంది. చూడటానికి ముచ్చటైనదే గానీ, వస్తువు ప్రతిసారీ అదే కోణంలో కూర్చుంటుందన్న భరోసా ఉండదు కనుక, బుష్‌ను రంధ్రంలో దించే పనికి నేను దాన్ని ఎంచుకోను.

నేను ఇష్టపడేది స్థిరమైన గ్రిప్పర్‌కు మార్చుకోగలిగే వేళ్ళు. ఒక్కో వేలికి స్థానాన్ని నిలిపే రెండు డోవెల్ పిన్నులు, రెండు బోల్టులు చాలు. ఒక పిన్నుకు గుండ్రటి రంధ్రం, రెండో దానికి పొడవాటి స్లాట్ ఇస్తే, వేలిని ఎన్నిసార్లు విప్పి బిగించినా అదే చోట కూర్చుంటుంది. కొలతలు తేలేదాకా త్రీడీ ప్రింటర్ మీద తీసిన నైలాన్ వేళ్ళతో ప్రయత్నించి, ఆ తర్వాతే అల్యూమినియంలో కోయించడం మేలు.

కంప్రెసర్ ఆగి గాలి పోయినప్పుడు కూడా పట్టు సడలకూడదు. అందుకు స్ప్రింగుతో మూసుకునే సిలిండర్ గానీ, గాలిని ఆపి ఉంచే చెక్ వాల్వ్ గానీ డ్రాయింగులోనే చూపించి ఉండాలి.