కందుకూరు వానల పట్టిక: ఆర్‌తో నా అనుభవం

కందుకూరు మండలం వానల లెక్క నా దగ్గర నిలువుగా ఉంది. నెలకో వరుస, అందులో జిల్లా, మండలం, సంవత్సరం, నెల, మిల్లీమీటర్లు. మా మామయ్యకు అది ఆ రూపంలో పనికిరాదు. ఆయన పొగాకు రైతు, అక్టోబర్, నవంబర్‌లలో నాట్లు వేస్తారు. "ఏ ఏడు వాన నాట్లకు అందింది, ఏ ఏడు నాటిన మొక్కను ముంచింది, ఒక్క కాగితం మీద కనపడాలి అల్లుడూ" అన్నారు. అంటే ఏడాదికి ఒక వరుస, వరుసకు పన్నెండు గడులు.

ముందు ఆర్ అనే గణాంకాల కంప్యూటర్ భాషలో టీఅప్లై అనే ఫంక్షన్ వాడాను. విలువ, సంవత్సరం, నెల, కూడిక ఇస్తే పట్టిక వచ్చేస్తుంది, విడిగా ప్యాకేజీ అక్కర్లేదు. కానీ నెలలు ఇంగ్లిష్ అక్షరక్రమంలో నిలబడ్డాయి: మొదట ఏప్రిల్, మూడోది డిసెంబర్, నవంబర్ దాటాక అక్టోబర్! నెలను ఫ్యాక్టర్‌గా, అంటే వర్గాల జాబితాగా మార్చి, ఆ వర్గాల (లెవెల్స్) వరుస మనమే రాసిస్తే ఈ గోల పోతుంది. నేను జూన్‌తో మొదలుపెట్టి మేతో ముగించాను. జనవరితో మొదలుపెడితే పొగాకు పంట రెండు వరుసల్లోకి చీలిపోతుంది. ఆకు కోతలు కొత్త సంవత్సరంలోకి వస్తాయి కదా. అందుకే నెల సంఖ్య 6 కంటే తక్కువైతే సంవత్సరంలోంచి 1 తీసేశాను. 2022 మార్చి ఇప్పుడు 2021-22 వరుసలో ఉంది.

తరువాత పాత సంవత్సరం నిలువును తొలగించి, టైడీఆర్ ప్యాకేజీలో నిలువు పట్టికను అడ్డంగా పరిచే పివట్_వైడర్‌కు ఇచ్చాను. 2021-22 రెండు వరుసలైంది. పైదానిలో జూన్ నుంచి మార్చి వరకు అంకెలు, చివరి రెండు గడులు ఖాళీ. కిందిదానిలో ఏప్రిల్, మే మాత్రమే. కారణం కంప్యూటర్‌లో లేదు, జిల్లాల విభజనలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. గడులకు పేర్లిచ్చే నిలువు (నెల), విలువల నిలువు (మిల్లీమీటర్లు) కాక మిగిలిన ప్రతి నిలువునూ పివట్_వైడర్ వరుసకు గుర్తుగా తీసుకుంటుంది. జిల్లా మారితే వరుస మారినట్టే. వరుసకు గుర్తు ఏదో చెప్పే ఐడీ_కాల్స్‌లో సంవత్సరం ఒక్కటే ఇచ్చాను, రెండూ కలిసిపోయాయి.

పివట్_వైడర్ నుంచి ఒక హెచ్చరిక కూడా వచ్చింది: ఒక నవంబర్ రెండుసార్లు నమోదైంది, అంకె కూడా అదే. టీఅప్లై నోరు మెదపకుండా రెండింటినీ కూడేసేది, ఆ నెల వాన రెట్టింపయ్యేది. హెచ్చరించే పనిముట్టే నాకు నచ్చుతుంది. ఒకేలా ఉన్న వరుసల్లో ఒకదాన్నే ఉంచే డిస్టింక్ట్‌తో ఒకటి తీసేశాను.

ఖాళీ గడుల దగ్గర ఎక్కువసేపు ఆలోచించాను. ఖాళీల్లో ఏం నింపాలో చెప్పే వాల్యూస్_ఫిల్‌కు సున్నా ఇస్తే పట్టిక నిండుగా కనిపిస్తుంది. కానీ ఫిబ్రవరి, మార్చిలలో మా వైపు నిజంగానే చుక్క పడని ఏళ్లు ఉంటాయి. అసలు సున్నా ఏదో, నమోదు చేయనిది ఏదో ఇక ఎవరూ చెప్పలేరు. ఎన్ఏగానే, అంటే విలువ లేదన్న గుర్తుతోనే వదిలేశాను. మొత్తం కట్టేటప్పుడూ అంతే: ఖాళీలను పక్కనపెట్టి కూడితే, నవంబర్ నమోదు కాని ఏడాది కరువు ఏడాదిలా కనిపిస్తుంది. అలాంటి ఏడాదికి మొత్తం రాయలేదు.

అచ్చు తీసి ఇచ్చాను. మామయ్య నేరుగా 2023-24 వరుసలో డిసెంబర్ గడికి వెళ్లారు, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన నెల అది. "ఇదంతా రెండు రోజుల్లో పడిందా, నెలంతా పడిందా?" అని అడిగారు. నెల మొత్తంలో అది తెలియదు. రోజువారీ లెక్క కోసం ఇప్పుడు దరఖాస్తు రాస్తున్నాను.